తల్లి పోయిన హామ్‌స్టర్ పిల్లలు: పాలకంటే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న చదివాను. అనంతపురంలో మేడమీద గది, ఏప్రిల్ ఎండలు. మీ పాప పెంచుకుంటున్న గోల్డెన్ హామ్‌స్టర్ (ఎలుక జాతి చిన్న పెంపుడు జంతువు) తొమ్మిది రోజుల కిందట ఆరు పిల్లల్ని పెట్టింది. నిన్న సాయంత్రం చూస్తే తల్లి చనిపోయి ఉంది. పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదు, సన్నగా కీచుమంటున్నాయి. ఆవుపాలు డ్రాపర్‌తో పోయొచ్చా, వెచ్చదనానికి బల్బు పెట్టాలా, అసలు బతుకుతాయా అని అడిగారు.

ఆవుపాలు వద్దు. డ్రాపర్ అసలే వద్దు. ఈ ఎండలకు పగటిపూట బల్బు కూడా వద్దు. ఇక బతకడం సంగతి. ఆరింటిలో కొన్నైనా బతుకుతాయన్న ఆశ గట్టిగానే పెట్టుకోవచ్చు, కానీ తొమ్మిది రోజులన్న మీ లెక్క సరైనదైతేనే. అందుకని ముందు ఆ లెక్క చూసుకోండి.

గోల్డెన్ హామ్‌స్టర్ కడుపుతో ఉండేది 16 రోజులే. అంత తొందరగా పుట్టే పిల్ల ఏమీ ఎదక్కుండానే బయటికి వస్తుంది. రెండు మూడు గ్రాముల బరువు, ఎర్రటి చర్మం, మూసిన కళ్లు, తలకు అతుక్కున్న చెవులు. ముందు పళ్లు మాత్రం పుట్టుకతోనే ఉంటాయి. ఐదారు రోజులకు చర్మం మీద రంగు కనబడుతుంది, వారానికి నూగు వస్తుంది. ఏడు నుంచి పది రోజుల మధ్య, కళ్లు తెరవకముందే, వాసన పట్టుకుని పాకుతూ పోయి గూట్లో ఉన్న తిండిని కొరకడం మొదలుపెడతాయి. కళ్లు తెరిచేది రెండు వారాల దగ్గర. మూడు వారాలకు పాలతో పని ఉండదు. మీ పిల్లలకు ఒంటినిండా పొట్టి బొచ్చు వచ్చి, చెవులు విడిపోయి, నాలుగు కాళ్ల మీద తడబడుతూ పాకుతుంటే మీ లెక్క సరే. మీకు కలిసొచ్చేది కూడా అదే. వీటికి పాలు పట్టడం సగం పనే, మిగతా సగం అవే తింటాయి.

బొచ్చు లేకుండా ఎర్రగా ఉంటే మాత్రం ఉన్నమాట చెప్పాలి. నాలుగైదు రోజులలోపు పిల్లల్ని చేత్తో పెంచడం అనుభవం ఉన్నవాళ్లకు కూడా చాలా అరుదుగా కుదురుతుంది. అప్పుడు మంచి దారి అదే వయసు పిల్లలున్న ఇంకో పాలిచ్చే తల్లి. ఆ తల్లి గూట్లోని చెత్తతో ఈ పిల్లల్ని మెల్లగా రుద్ది, తల్లి బయట తిరుగుతున్నప్పుడు దాని పిల్లల మధ్యలో పెడితే ఒక్కోసారి చేరదీస్తుంది. కానీ అలాంటి తల్లి మన ఊళ్లలో ఎక్కడ దొరుకుతుంది? బెంగళూరులో ఎవరి దగ్గరో ఉందని విని ఈ ఎండలో పసివాటిని బస్సెక్కించకండి. తొమ్మిది రోజుల పిల్లలకు ఆ ప్రయాణం చేసే కీడే ఎక్కువ.

ఆశ ఎందుకు పెట్టుకోవచ్చో ఒక సంగతి చెబుతాను. 1930లో సిరియాలోని అలెప్పో దగ్గర ఇజ్రాయెల్ అహరోని అనే జంతుశాస్త్రవేత్త ఒక తల్లి హామ్‌స్టర్‌ను, దాని పిల్లల్ని బొరియలోంచి తవ్వి తీయించాడు. బెదిరిన తల్లి ఒక పిల్లను చంపేసింది. మిగతావాటినీ చంపుతుందని ఆయన తల్లిని తీసేసి పిల్లల్ని చేత్తోనే పెంచాడు. వాటిలో కొన్ని బతికి జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీకి చేరాయి. ఇప్పుడు లోకమంతా పెంచుకుంటున్న గోల్డెన్ హామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ తల్లిలేని పిల్లల సంతతే. మీ ఇంట్లో ఉన్నవి కూడా.

సరే, పనిలోకి వద్దాం. పాలకంటే ముందు ఒంటి వేడి. చల్లబడ్డ పిల్లకు పాలు పడితే అరగవు, కడుపులోనే పులుస్తాయి. పాలు పట్టాక గంటలో పోయిందని చెప్పే పిల్లల్లో చాలావాటి కథ ఇదే. పిల్లను తీసి మీ మణికట్టు లోపలివైపు ఆనించి చూడండి. చల్లగా తగిలితే గుప్పిట్లో వదులుగా మూసి అరగంట ఉంచండి. వెచ్చబడి కదలడం మొదలుపెట్టేదాకా నోట్లో ఏమీ వేయకండి.

బొచ్చు వచ్చిన పిల్లలకు 28, 30 డిగ్రీలు చాలు. మీ గదిలో పగలు అంతకంటే ఎక్కువే ఉంటుంది. అంటే మీ సమస్య చలి కాదు, ఎండ. తల్లి కూడా బహుశా దానికే పోయింది. హామ్‌స్టర్‌కు 20 నుంచి 25 డిగ్రీలు హాయి, 30 దాటితే కష్టం, పాలిచ్చే తల్లికి ఇంకా కష్టం. డాబా వేడి దిగే గదిలో మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంకొకటి కూడా చూడండి: నీళ్ల సీసా మొనలో ఉండే గోళీని వేలితో కదిపి చుక్క పడుతుందో లేదో. మన బోరు నీళ్ల ఉప్పు పట్టి ఆ గోళీ బిగుసుకుపోతుంది. సీసా నిండుగానే కనబడుతుంది, తల్లికి మాత్రం చుక్క అందదు. ఏ కారణమైనా, పాప ముట్టుకోవడం వల్ల చచ్చిపోయిందని మాత్రం తనతో అనకండి.

పిల్లల్ని ఇవాళే కింది అంతస్తుకు, పడమటి ఎండ తగలని గదికి దించండి. కూలర్ గాలి, ఫ్యాన్ గాలి నేరుగా తగలకూడదు. కిటికీకి తడిగుడ్డ కట్టండి, అది చాలు. ఎలా ఉన్నాయో అవే చెబుతాయి. ఒకదాని మీద ఒకటి కుప్పగా చేరి కీచుమంటుంటే చలి. దూరందూరంగా చాచుకుని పడుకుని, గూడు వదిలి పాకుతుంటే ఉక్క. కుప్పగా ఉండి నిశ్శబ్దంగా నిద్రపోతుంటే కదిలించొద్దు. తెల్లవారుజామున కాస్త చల్లబడుతుంది అనుకుంటే ఒక సీసాలో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, డబ్బా అడుగున ఒక సగానికే ఆనించండి. రెండో సగం మామూలుగా ఉండాలి, ఉక్కపోస్తే అవే జరుగుతాయి. ఇది కరెంటు పోయినా పనిచేస్తుంది.

డబ్బా సంగతి: ఎత్తు గోడలున్న ప్లాస్టిక్ డబ్బా గానీ షూ డబ్బా గానీ చాలు. పాత గూట్లోంచి తల్లి పేర్చుకున్న చెత్త రెండు గుప్పెళ్లు తెచ్చి అందులో పెట్టండి, ఆ వాసన వాటికి ధైర్యం. పైన తెల్ల టిష్యూ పేపర్ చింపి వేయండి. దూది వద్దు, పోగులు కాళ్లకు చుట్టుకుని రక్తం ఆడకుండా చేస్తాయి. రంపపు పొట్టు కూడా వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. మగ హామ్‌స్టర్ ఇంట్లో ఉంటే దాన్ని వీటి దగ్గరికి రానివ్వకండి, తినేస్తుంది.

ఇప్పుడు ఎవరూ చెప్పనిది: చీమలు. పాల చుక్క మూతికి అంటి ఉంటే చాలు, మన ఇళ్లలో ఎర్ర చీమలు అరగంటలో వరుస కడతాయి. కళ్లు తెరవని పిల్ల పారిపోలేదు. పూర్వం పాలగిన్నె కింద నీళ్ల పళ్లెం పెట్టేవాళ్లు కదా, అదే పద్ధతి. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో ఒక ఇటుక పెట్టి, దాని మీద డబ్బా పెట్టండి. డబ్బా ఎక్కడా గోడకు తగలకూడదు. చీమల మందు సుద్దతో చుట్టూ గీత గీయడం మాత్రం వద్దే వద్దు. లక్ష్మణరేఖలో ఉండేది డెల్టామెత్రిన్ అనే పురుగుమందు, అది ఈ పిల్లల దగ్గర ఉండకూడదు. ఆ గదిలో దోమల కాయిల్ కూడా వెలిగించకండి.

ఇక పాలు. ఎలుక జాతి తల్లుల పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలకంటే చాలా ఎక్కువ, పాలచక్కెర తక్కువ. అందుకే ఆవుపాలు పడితే విరేచనాలు పట్టుకుంటాయి, నీరంతా పోయి పిల్ల ఒక్కరోజులో వాడిపోతుంది. మంచిది కుక్కపిల్లలకు, పిల్లికూనలకు అమ్మే పాలపొడి. అనంతపురంలో కుక్కల తిండి అమ్మే షాపుల్లో అడగండి, కుక్కపిల్లలది దొరకడం తేలిక. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం మరగకాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్లలో కలపండి. ఎప్పటికప్పుడు కొంచెమే, మిగిలింది పారబోయండి. అది చేతికి వచ్చేదాకా మేకపాలు పట్టండి. మన వైపు మేకపాలకు కొదవ లేదు. కాచి, చల్లార్చి, చక్కెర వేయకుండా.

కానీ మొదటి రెండు దఫాలు పాలు కాదు, ఓఆర్‌ఎస్. నిన్నటినుంచి తల్లి లేదు కాబట్టి ముందు ఒంట్లో నీరు చేరాలి. మందుల షాపులో లీటరు నీళ్లలో కలిపే పొడి ప్యాకెట్ అడగండి, అట్టపెట్టెలో తియ్యగా దొరికే జ్యూసులు కాదు. మెడ వెనక చర్మాన్ని మెల్లగా చిటికెతో లేపి వదిలితే వెంటనే సర్దుకోవాలి. అలాగే మడతగా నిలబడితే నీరు బాగా తగ్గిందని.

పట్టే పద్ధతి దగ్గర తొందర పడితే పిల్ల పోతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. డ్రాపర్ ఒక్క చుక్క వేసినా ఈ నోటికి అది ఎక్కువ. పిల్లల డ్రాయింగ్‌కు వాడే అన్నిటికంటే సన్నటి బ్రష్ కొత్తది కొనండి, సున్నా నంబరు. వేడినీళ్లలో కడిగి పెట్టుకోండి. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి సీసా పాలు పట్టినట్టు పట్టకూడదు. తల్లి దగ్గర అది ఎలా తాగుతుందో అలాగే బోర్లా ఉండాలి. ఎడమ అరచేతిలో టిష్యూ ముక్క వేసుకుని, పిల్లను బోర్లా పెట్టి, తల ఒక్క పిసరు పైకి ఉండేలా వేళ్లతో అటూ ఇటూ ఆపండి. బ్రష్‌ను పాలలో ముంచి, అంచుకు తుడిచి, మూతి పక్కన పెదవికి తాకించండి. లోపలికి దూర్చకండి. మొదట తల తిప్పేసుకుంటుంది. రెండోసారి తాకిస్తే నాలుక బయటికి వస్తుంది, గసగసాల గింజంత ఎర్రటి నాలుక. నాకడం మొదలైతే మీ పని సగం అయినట్టే. అది నాకిన కొద్దీ మీరు ముంచుతూ పోవడమే, దాని వేగం మీది కావాలి.

ముక్కులోంచి పాలబుడగ వచ్చిందంటే వెంటనే ఆపండి. తల కిందికి వంచి, టిష్యూ కొసతో ముక్కు తుడిచి, ఊపిరి సర్దుకునేదాకా ఆగండి. ఆ దఫా ఇక పట్టకండి. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఊపిరిలో టిక్ టిక్ అని చప్పుడు వస్తుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయి, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

ఎంత పట్టాలి? ఎనిమిది గ్రాముల పిల్లకు ఒక దఫాలో 0.4 మిల్లీలీటర్లు మించకూడదు. కొలత కోసం సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజిలోకి పాలు తీసుకుని, అందులోంచి చెంచాలో వేసి బ్రష్ ముంచుకోండి. పొట్ట గుండ్రంగా ఉండాలి, డోలులా బిగియకూడదు. పగలు మూడు గంటలకోసారి చాలు. రాత్రి పదకొండుకు ఒకటి, తెల్లవారుజామున మూడుకు ఒకటి. మీరు, మీవారు వంతులేసుకోండి. ఇది నాలుగైదు రాత్రుల పనే, నెలలు కాదు.

పట్టిన ప్రతిసారీ ఇంకో పని ఉంది, చాలామందికి ఇది తెలియదు. కళ్లు తెరవని పిల్లలు వాటంతట అవి సరిగ్గా మూత్రం పోయలేవు, తల్లి నాకితేనే వస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో ఇయర్‌బడ్ ముంచి పిండి, తోక కింద మెల్లగా, నాకినట్టుగా, అరనిమిషం పైనుంచి కిందికి రాయండి. లేత పసుపు చుక్క వస్తుంది. ముదురు పసుపు అయితే నీరు చాల్లేదు, తర్వాతి దఫా మళ్లీ ఓఆర్‌ఎస్. మీ పిల్లల వయసుకు కొన్ని అప్పుడే సొంతంగా పోస్తుంటాయి. కళ్లు తెరిచాక ఈ పని మానేయొచ్చు. చివరగా మూతి, గడ్డం తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాకే గూట్లోకి. చీమల సంగతి గుర్తుంది కదా.

ఇక అసలు బలమిచ్చేది మెత్తటి తిండి. ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టండి. ఉప్పు, చక్కెర లేని రాగిజావ గట్టిగా కాచి, ఆ పాలపొడి కలిపిన పాలతో మెత్తగా చేసి, సోడా మూతలో బఠాణీ గింజంత పెట్టి డబ్బాలో వాటి మూతి దగ్గర ఉంచండి. ఇంట్లో సంగటి చేస్తే ఉప్పు లేకుండా ఒక ముద్ద తీసి పాలతో పిసికినా సరే. పక్కన ఉడికించిన గుడ్డు పచ్చసొన చిటికెడు. మొదట దాని మీదుగా పాకి ఒళ్లంతా పూసుకుంటాయి. తర్వాత ఒళ్లు నాక్కుంటూ రుచి తెలుసుకుంటాయి. ఒకటి తినడం మొదలుపెడితే మిగతావి దాన్ని చూసి కాదు, వాసన పట్టి వస్తాయి. తడి తిండిని రెండు గంటలకు మించి ఉంచకండి, ఈ ఎండకు పులిసిపోతుంది. నీళ్ల గిన్నె పెట్టొద్దు, మూతంత లోతులో కూడా మునిగిపోతాయి. కీరదోస పలచటి ముక్క పెట్టండి, అందులోని నీరు చాలు. సీసా మొన తర్వాత, కళ్లు తెరిచాక, వాటి మూతికి అందే ఎత్తులో.

కళ్లు తెరిచాక కొర్రలు, సజ్జలు, ఉడికించిన జొన్నలు, ఓట్స్ కొంచెం కొంచెంగా కలపండి. మన జిల్లాలో ఏ ఇంట్లో చూసినా చెనిక్కాయలుంటాయి కాబట్టి చేతికి అవే వస్తాయి. పిల్లలకు వద్దు. కొవ్వు ఎక్కువ, పైగా మూటలో తేమ తగిలి బూజు పట్టిన కాయలో విషం ఉంటుంది. పెద్దయ్యాక శుభ్రమైనవి, ఎప్పుడో ఒక గింజ. ఉల్లిపాయ, వెల్లుల్లి, పుల్లటి పండ్లు, చాక్లెట్ ఎప్పటికీ వద్దు.

బంగారం తూచేలాంటి చిన్న డిజిటల్ కాటా ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతుంది, తెప్పించుకోండి. రోజూ పొద్దున ఒకే వేళకు తూచి రాసుకోండి. అన్నీ ఒకేలా కనబడతాయి కాబట్టి వీపు మీద ఒక్కోదానికి ఒక్కోచోట కొంచెం బొచ్చు కత్తిరించి గుర్తు పెట్టుకోవచ్చు. రోజుకు కొంతైనా పెరగాలి. మొదటిరోజు తగ్గినా కంగారు లేదు. రెండోరోజు కూడా తగ్గితే దానికి మాత్రం దఫాలు పెంచండి. చాలాసార్లు ఒకటి వెనకబడి పోతుంది, మీరెంత చేసినా. అది చనిపోతే వెంటనే తీసేయండి, మిగతావాటి దగ్గర ఉంచకూడదు.

మందుల విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఇంట్లో పిల్లల దగ్గుకు తెచ్చిన అమాక్సిసిల్లిన్ సిరప్ మిగిలి ఉంటుంది, ఒక చుక్క వేద్దామనిపిస్తుంది. వేయకండి. అమాక్సిసిల్లిన్, యాంపిసిల్లిన్ లాంటివి హామ్‌స్టర్ పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపేసి చెడ్డవాటిని పెంచుతాయి, కొద్ది రోజుల్లో విరేచనాలతో ప్రాణం పోతుంది. మనుషులకు మామూలు మందు, వీటికి విషం. తోక తడిగా, వాసనగా ఉండి పిల్ల ముడుచుకుని ఉంటే ఆరోజే డాక్టరుకు చూపించాలి, రేపు అనుకోకూడదు. జిల్లా పశువుల ఆసుపత్రుల్లో రోజూ వచ్చేవి ఆవులు, గొర్రెలు కాబట్టి ముందు ఫోన్ చేసి చిన్న జంతువుల్ని చూసే డాక్టరు ఎవరో, ఏ వేళకు ఉంటారో కనుక్కోండి. కడప వైపు వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ అడగొచ్చు. వెళ్లేటప్పుడు బరువుల కాగితం తీసుకెళ్లండి, మందు మోతాదు దాన్నిబట్టే.

పాప ముట్టుకోవచ్చా అని చివర్లో అడిగారు. తల్లి ఉన్నప్పుడైతే వద్దనేవాణ్ని, కొత్త వాసన తగిలితే తల్లి పిల్లల్ని తినేయొచ్చు. ఇప్పుడా భయం లేదు. చేతులు కడుక్కుని, నేలమీద కూర్చుని, ఒడిలో తువ్వాలు పరుచుకుని పట్టుకోమనండి. బ్రష్ ముంచి ఇచ్చే పని కూడా తనకివ్వండి, టెన్షన్ లేకుండా చేస్తుంది. పట్టే పని మాత్రం మీరే చేయండి.

మూడు వారాలు దాటి గింజలు కొరికి తింటుంటే పాలు ఆపేయండి. నాలుగో వారం నిండేలోపు ఆడవాటినీ మగవాటినీ విడదీయండి. తోక కింద రెండు రంధ్రాల మధ్య దూరం ఆడదానికి తక్కువ, మగదానికి ఎక్కువ. నాలుగైదు పిల్లల్ని వరసగా పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఆలస్యం చేస్తే అక్కాతమ్ముళ్లే జతకట్టి మీకు మళ్లీ పిల్లలొస్తాయి. ఆరో వారానికల్లా ఒక్కోదానికి ఒక్కో గూడు కావాలి. గోల్డెన్ హామ్‌స్టర్లు పెద్దయ్యాక కలిసి ఉండవు, చచ్చేదాకా కొట్టుకుంటాయి. ఆరు గూళ్లు మీకు కష్టమే కాబట్టి ఇప్పటినుంచే బంధువులకు, పాప స్నేహితుల ఇళ్లకు చెప్పి ఉంచండి. ఎవరూ తీసుకోకపోతే చేలో వదిలేద్దాం అని మాత్రం అనుకోకండి, పిల్లీ పామూ తినకముందే ఎండకే పోతాయి. కాటా వచ్చి బరువులు తూచాక అంకెలు ఇక్కడ రాయండి, పొట్ట ఫొటోలు కూడా పెట్టండి. ఎంత పట్టాలో ఒక్కోదానికి చూసి చెబుతాను.